జారడానికే పెట్టిన క్లచ్

రిమోట్ కారు అనగానే మనలో చాలామందికి పుట్టినరోజున పిల్లలకి కొనిచ్చే ప్లాస్టిక్ బొమ్మే మనసులో మెదులుతుంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ బొమ్మ గురించి కాదు. అసలు కారులో పదో వంతు కొలతతో, మట్టి ట్రాకుల మీద పందేలకని తయారయ్యే ఆఫ్‌రోడ్ బగ్గీ గురించి. అందులోనూ బగ్గీ మొత్తం గురించి చెప్పబోవడం లేదు. వెనక భాగంలో, మోటారు పక్కన, మూడు వేళ్ల మధ్య ఇమిడిపోయే ఒక భాగం ఉంటుంది. దాన్ని స్లిప్పర్ క్లచ్ అంటారు. మామూలుగా యంత్రంలో ఏ భాగమైనా జారిందంటే చెడిపోయిందని అర్థం. దీన్ని మాత్రం జారడానికే పెట్టారు. ఎప్పుడు జారాలి, ఎంత జారాలి, ఆ జారుడులో పుట్టే వేడి ఎవరు భరించాలి అన్నదే నా ప్రసంగ విషయం.

ముందు బండిని పరిచయం చేస్తాను. వెనక చక్రాలు రెండింటినే మోటారు తిప్పే బగ్గీ బరువు కిలోన్నర దగ్గర ఉంటుంది. మోటారు అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. బ్యాటరీ 7.4 వోల్టుల లిథియం పాలిమర్. ఇంత చిన్న సామగ్రితో అది గంటకి 40 కిలోమీటర్లు దాటి పోతుంది. అసలు చిక్కు ఆ వేగంలో లేదు, ఎగురుడులో ఉంది.

మట్టి ట్రాకు మీద బగ్గీ గుట్టెక్కి గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్నంతసేపు చక్రాలకి నేల తగలదు, ఆపేదేమీ ఉండదు. రిమోట్ మీది ట్రిగ్గరు వదలకపోతే మోటారు రెప్పపాటులో పూర్తి వేగం అందుకుంటుంది. ఒక మామూలు అమరిక తీసుకుని లెక్క వేద్దాం. మోటారు ఇరుసు మీద 24 పళ్ల పినియన్, దానికి ఆనుకుని 78 పళ్ల స్పర్ గేరు. మోటారు మూడుంపావు చుట్లు తిరిగితే స్పర్ ఒక చుట్టు తిరుగుతుంది. లోపలి గేర్‌బాక్సులో మళ్లీ 2.6 వంతు తగ్గుతుంది. రెండూ గుణిస్తే దాదాపు ఎనిమిదిన్నర. మోటారు నిమిషానికి 22 వేల చుట్లు తిరుగుతుంటే వెనక చక్రం 2,600 చుట్లు తిరుగుతుంది. 85 మిల్లీమీటర్ల టైరుకి అది గంటకి 40 కిలోమీటర్ల పైమాట. బండి మాత్రం గాల్లో గంటకి 20 కిలోమీటర్ల వేగంతోనే ముందుకు పోతోందనుకోండి. టైరు నేల తాకిన మరుక్షణం ఏం కావాలి? చక్రం వేగం ఉన్నపళంగా సగానికి పడిపోవాలి. చక్రంతో పాటు గేర్లు, గేర్లతో పాటు మోటారు లోపల తిరిగే రోటరు కూడా.

ఆ రోటరు చూడ్డానికి చిన్నదే. కానీ గేర్ల అవతల ఉన్న చక్రానికి దాని బరువు అలా తెలియదు. తిరిగే వస్తువు జడత్వం గేరు నిష్పత్తికి వర్గమంత పెరిగి చక్రానికి తగులుతుంది. ఎనిమిదిన్నరకి వర్గం 70 దాటుతుంది. అంటే టైరు నేలని పట్టుకున్న క్షణంలో, రోటరు తనకన్నా 70 రెట్లు బరువైన దానిలా ఎదురు తిరుగుతుంది. ఈ రెంటి మధ్య నలిగేది ఎవరు? స్పర్ గేరు మీద మిల్లీమీటరుకి అటూ ఇటూగా పొడవుండే ప్లాస్టిక్ పళ్లు. పళ్లు తట్టుకుంటే, రెండు వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్. అదీ తట్టుకుంటే డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే సన్నటి పిన్ను. ఎక్కడో ఒకచోట విరగాల్సిందే.

అందుకే స్పర్ గేరుని ఇరుసుకి గట్టిగా బిగించరు. దాన్ని రెండు లోహపు బిళ్లల మధ్య ఉంచి, మధ్యలో రాపిడి ప్యాడ్లు వేసి, బయటినుంచి ఒక స్ప్రింగు, దాని మీద నైలాన్ లాక్ నట్టు పెడతారు. నట్టు బిగించిన కొద్దీ స్ప్రింగు నొక్కుకుంటుంది, బిళ్లలు స్పర్‌ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టుకి ఒక హద్దుంటుంది. మామూలు పరుగులో శక్తి ఆ హద్దు లోపలే ఉంటుంది కాబట్టి అంతా కలిసి ఒక్కటిగా తిరుగుతుంది. దూకి దిగినప్పుడు హద్దు దాటుతుంది, స్పర్ బిళ్లల మధ్య జారుతుంది. చక్రం నేల వేగానికి వెంటనే దిగిపోతుంది, రోటరు మాత్రం తన తీరికన దిగుతుంది. ఆ తేడా అంతా ప్యాడ్ల మీద వేడిగా మారిపోతుంది. పళ్లు నిలుస్తాయి.

ఈ పందేలకి ఊపు వచ్చింది 80లలో. 1984లో అమెరికా కంపెనీ టీమ్ అసోసియేటెడ్ ఆర్‌సీ10 అనే బగ్గీని తెచ్చింది. మరుసటి ఏడు, 1985లో, కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో పదో వంతు ఆఫ్‌రోడ్ కార్లకి తొలి ప్రపంచ పోటీ జరిగింది. రెండు చక్రాల తరగతిలో ఆర్‌సీ10తో జే హాల్సీ గెలిచాడు. నాలుగు చక్రాల తరగతిలో గిల్ లోసీ జూనియర్ గెలిచాడు. ఈ లోసీ ఇంటిపేరు గుర్తు పెట్టుకోండి, ద్రవం సంగతికి వచ్చినప్పుడు మళ్లీ కావాలి. ఇంగ్లండులో కాస్‌వర్త్ అనే రేసింగ్ ఇంజన్ల సంస్థలో గేర్‌బాక్సుల మీద పనిచేసిన సెసిల్ షూమాకర్ ఈ చిన్న కార్ల కోసం బాల్ డిఫరెన్షియల్ తయారుచేశాడు. గేర్ల బదులు రెండు ఉంగరాల మధ్య ఉక్కు గోళీలు ఉంటాయి. దానికీ ఒక స్క్రూ, ఒక స్ప్రింగు ఉంటాయి, దానికీ జారే హద్దు ఉంటుంది. ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు.

బండిలో జారగలిగినవి రెండున్నప్పుడు, ముందు జారాల్సింది స్లిప్పరే. డిఫరెన్షియల్ ముందు జారిందా, గోళీలు ఉంగరాల మీద గీతలు పెట్టేస్తాయి. కిర్రుమనే చప్పుడొకటి వస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఆ ఉంగరాలు మార్చక తప్పదు. పరీక్ష సులువైనదే. ఒక చేత్తో స్పర్ గేరునీ, ఎడమ వెనక చక్రాన్నీ కదలకుండా పట్టుకోవాలి. రెండో చేత్తో కుడి చక్రాన్ని ముందుకి తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగిపోతే డిఫరెన్షియల్ వదులుగా ఉన్నట్టు, ముందు దాన్ని బిగించాలి. ఆ తర్వాతే స్లిప్పర్ నట్టు ముట్టుకోవాలి. స్లిప్పర్‌ని ఎంత బిగించాలన్నది చెవి చెబుతుంది. బండిని ట్రాకు మీద నిలబెట్టి ట్రిగ్గరు ఒక్కసారిగా నొక్కాలి. బయలుదేరగానే రెండు మూడు అడుగుల దూరం సన్నగా జుయ్యిమని ఒక కూత వినిపించి ఆగిపోవాలి. అసలు కూతే లేకపోతే బిగువెక్కువ. పది అడుగులు పోయినా కూత ఆగకపోతే స్లిప్పర్ కాలుతోందన్నమాట.

కాలడమంటే మాట వరసకి అనడం లేదు. స్పర్ బరువు 10 గ్రాములనుకోండి. జారుడులో 100 వాట్లు వేడిగా మారి, ఆ వేడంతా స్పర్‌లోనే ఉండిపోతే, ఆ ప్లాస్టిక్ సెకనుకి దాదాపు ఆరు డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 20 సెకన్లు ఆగకుండా జారితే దాదాపు 120 డిగ్రీలు పెరుగుతుంది. స్పర్ మధ్యభాగం మెత్తబడి, బిళ్లల మధ్య వంగి, పళ్లు పక్కకి ఒరుగుతాయి. అలా ఒరిగిన స్పర్ గేరుని చేతిలోకి తీసుకుని చూస్తే, మధ్యలో ప్యాడ్ అచ్చు నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ప్యాడ్ కూడా అలాగే నున్నగా మెరుస్తుంటే దాని పట్టు పోయినట్టే.

మాది బెంగళూరులోని మడివాళ. చీకటి పడేవేళ హోసూరు రోడ్డు పక్కన నిలబడితే సగం ఆంధ్రా అక్కడే కనిపిస్తుంది. విజయవాడ, నెల్లూరు, తిరుపతి, హైదరాబాదు బస్సులకోసం బ్యాగులు పట్టుకున్న జనం, ఫోనులో బండి నంబరు చెప్పే పికప్ కుర్రాళ్లు, అరటిపళ్ల బళ్లు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఎత్తు రోడ్డు 2010లోనే వచ్చింది. 2025 ఆగస్టులో సిల్క్ బోర్డు కూడలి మీదుగా మెట్రో పసుపు లైను కూడా మొదలైంది. అయినా సాయంత్రం పూట ఆ కూడలిలో బస్సు బారెడు కదిలి ఆగుతుంది, ఆగి కదులుతుంది. ఈ వరసలో నిలబడితే ఒక వాసన ముక్కుకి తగులుతుంది. క్లచ్ ప్లేటు కాలిన వాసన. స్లిప్పర్ ప్యాడ్ మాడినప్పుడు వచ్చేదీ ఇంచుమించు అదే జాతి వాసన.

నెల్లూరు బస్సు డ్రైవరొకాయన టీ తాగుతూ నాతో అన్నమాట: "ఖాళీ రోడ్డు మీద లక్ష కిలోమీటర్లు తోలినా ప్లేటుకేం కాదు సార్. ఈ సిగ్నళ్ల దగ్గర హాఫ్ క్లచ్‌లో నిలబెట్టామా, అయిపోయినట్టే."

ఆయన అనుభవం చెప్పిన మాటకి భౌతికశాస్త్రంలో కచ్చితమైన లెక్కుంది. ఇంజను ఒకే వేగంతో తిరుగుతుండగా, నిలబడి ఉన్న బండిని క్లచ్ జార్చుకుంటూ ఆ వేగానికి కలిపితే, బండికి చలనంగా ఎంత శక్తి అందిందో అంతే శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. ఎంత నేర్పుగా వదిలినా, ఎంత నెమ్మదిగా వదిలినా ఈ సగం పన్ను తప్పదు. 15 టన్నుల బస్సు సెకనుకి రెండు మీటర్ల వేగం అందుకుందంటే, 30 వేల జౌళ్ల వేడి ఆ ప్లేటు మీద పడింది. రాత్రికి పది సార్లు ఆగితే ఫరవాలేదు. సిల్క్ బోర్డు దాటేలోపు వందసార్లు ఆగి కదిలితే, ప్లేటుకి చల్లారే తీరికే ఉండదు. దానికి చుట్టూ గాలి తప్ప వేరే ఆధారం లేదు.

ఇదే నగరంలో బీఎంటీసీ వోల్వో సిటీ బస్సులు ఇదే రద్దీలో తిరుగుతుంటాయి. వాటి డ్రైవరు కాలి కింద క్లచ్ పెడలే ఉండదు. ఇంజనుకీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అంటే నూనె. అక్కడా జారుడు ఉంది, అక్కడా వేడి పుడుతుంది. కానీ వేడి పుట్టేది నూనెలో. నూనె ఒకచోట ఉండిపోదు, గొట్టాల్లో పారి కూలర్‌కి పోయి, వేడి అక్కడ దింపుకుని తిరిగొస్తుంది. ప్లేటు కదల్లేదు, నూనె కదులుతుంది. ఇంత చిన్న తేడాలోనే ఈ రెండు బస్సుల జీవితం వేరైపోయింది.

నూనెతో శక్తిని అందించే ఈ ఆలోచన రోడ్డు మీద పుట్టలేదు. అప్పట్లో జర్మనీలో ఉన్న స్టెటిన్ రేవులో వుల్కాన్ అనే ఓడల కార్ఖానాలో పనిచేసిన హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఓడలో ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరుగుతుంది, నీళ్లలో తిరిగే ప్రొపెల్లరు నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటినీ కలపడానికి ఆయన గేర్లు వదిలేసి ద్రవాన్ని మధ్యవర్తిగా పెట్టాడు. ఒకవైపు రెక్కలు ద్రవాన్ని విసురుతాయి, ఆ ద్రవం రెండోవైపు రెక్కల్ని తోస్తుంది. రెండు వైపుల మధ్య లోహానికి లోహం తగలదు. 1930లో ఇంగ్లండు కంపెనీ డైమ్లర్ దీన్ని ఫ్లూయిడ్ ఫ్లైవీల్ పేరుతో కార్లలో, బస్సుల్లో పెట్టింది. లండను ఎర్ర డబుల్ డెక్కర్లు తరాల పాటు దీంతోనే నడిచాయి.

మరి ఇంత మంచిదాన్ని కుదించి బగ్గీలో ఎందుకు పెట్టుకోకూడదు? ఈ ప్రశ్న చాలామంది కుర్రాళ్లు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. జవాబు కొలతలో ఉంది. రెక్కలతో నూనె విసిరే కప్లింగు మోయగలిగిన బలం దాని అడ్డకొలతకి అయిదో ఘాతంగా మారుతుంది. అడ్డకొలత సగం చేస్తే బలం సగమవదు, 32వ వంతుకి పడిపోతుంది. పదో వంతు చేస్తే లక్షో వంతుకి. వేగానికి వర్గంగా కూడా మారుతుంది కాబట్టి, చిన్నదాన్ని వేగంగా తిప్పి కొంత రాబట్టుకోవచ్చు. కానీ బగ్గీ నిలబడి బయలుదేరే క్షణంలో వేగమే ఉండదు కదా. అప్పుడు రెక్కలు నూనెలో ఊరికే తిరుగుతాయి. బస్సుకి సరిపోయిన సూత్రం ఈ చిన్న బండికి సరిపోదు.

ఇక్కడ రెండు రకాల ద్రవ క్లచ్‌లని విడదీసి చూడాలి. తెలిసినవాళ్లు కూడా వీటిని కలిపేసి మాట్లాడుతుంటారు. మొదటిది ఫోటింగర్ రకం: పల్చటి నూనె, విసురుడు, వేగానికి వర్గంగా పెరిగే బలం. రెండోది జిగట రకం: చిక్కటి ద్రవం, దగ్గర దగ్గరగా పెట్టిన బిళ్లలు. ఒక బిళ్ల తిరిగితే మధ్యనున్న ద్రవం సాగి, రెండో బిళ్లని తనతో లాక్కుపోతుంది. నీళ్లలో చెయ్యి ఆడించడానికీ ఆముదంలో ఆడించడానికీ తేడా మీకు తెలుసు. ఈ రకం ఆ ఆముదపు గుణం మీదే బతుకుతుంది. దీని బలం రెండు బిళ్లల వేగాల తేడాకి నేరుగా సరిపోతుంది. తేడా రెట్టింపైతే లాగుడు రెట్టింపు. తేడా సున్నా అయితే లాగుడూ సున్నా.

ఈ జిగట రకం పెద్ద కార్లలో నాలుగు చక్రాల డ్రైవ్ కోసం బాగా వాడారు. అమెరికన్ మోటార్స్ 1980 మోడల్‌గా తెచ్చిన ఈగిల్ కారులో ముందు వెనక ఇరుసుల మధ్య ఇదే ఉండేది. 80ల మధ్యలో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ సింక్రోలో కూడా. అన్నిట్లోనూ లోపల ఉండేది సిలికాన్ ఆయిల్. మామూలు నూనె వేడెక్కితే నీళ్లలా పల్చబడిపోతుంది, సిలికాన్ అంతగా పల్చబడదు. అందుకే ఇలా జిగటని నమ్ముకున్న పరికరాలు చాలావరకు సిలికాన్ దగ్గరికే చేరాయి.

ఇప్పుడు లోసీ పేరు దగ్గరికి వద్దాం. టీమ్ లోసీ కంపెనీ 90లలో తన ఆఫ్‌రోడ్ కార్లకి హైడ్రా-డ్రైవ్ అనే భాగం తెచ్చింది. స్లిప్పర్ ఉండే చోట మూత బిగించిన ఒక చిన్న డబ్బా, దాని లోపల ద్రవం. మోటారు నుంచి వచ్చే ఊపుని ఆ ద్రవమే చక్రాల వైపు అందించేది. నేల పట్టు తక్కువగా, దుమ్ముగా ఉన్న ట్రాకుల మీద టైర్లు అనవసరంగా తిరిగిపోకుండా బయలుదేరడం దీని గొప్ప. ఆ రోజుల మోటార్లకి కార్బన్ బ్రష్‌లుండేవి, స్పీడ్ కంట్రోళ్లు ఇప్పటంత సున్నితంగా ఉండేవి కావు. ట్రిగ్గరు మీద వేలు కాస్త గట్టిగా పడితే బండి వెనకభాగం పక్కకి తిరిగిపోయేది. అలాంటి కాలంలో వేలికీ టైరుకీ మధ్య ఒక మెత్తదనాన్ని పెట్టినవాళ్లని నేను మనసారా మెచ్చుకుంటాను. అది గెలిచిందా, నిలిచిందా అన్నది తర్వాతి మాట. అడగాల్సిన ప్రశ్న అడిగారు.

పొడి స్లిప్పర్‌కి ఒక మొండి స్వభావం ఉంది. నిలబడి ఉన్న రాపిడి సాధారణంగా కదిలే రాపిడికన్నా కొంచెం ఎక్కువ. అందుకని ప్యాడ్ జారడానికి ముందు బిగుసుకుంటుంది, ఆపైన ఒక్కసారిగా వదిలేస్తుంది, మళ్లీ పట్టుకున్నప్పుడు చిన్న కుదుపు వస్తుంది. దుమ్ము పడితే పట్టు మారుతుంది, వేడెక్కితే మారుతుంది, ప్యాడ్ అరిగితే మారుతుంది. పొద్దున పెట్టిన అమరిక మధ్యాహ్నం ఫైనల్‌కి అలాగే ఉంటుందని ఎవరూ పూచీ పడలేరు. ద్రవానికి ఈ గొడవ లేదు. మూసిన డబ్బాలోకి దుమ్ము పోదు, పట్టీ పట్టనట్టుండే ఆ కుదుపు ఉండదు. జారుడు ఎక్కువైతే లాగుడు తనంతట తానే పెరుగుతుంది.

ఇంత ఉండీ పందెపు కార్లలో పొడి స్లిప్పరే ఎందుకు నిలిచింది? ఎందుకంటే ద్రవం ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. తేడా సున్నా అయితే లాగుడు సున్నా అన్నాను గుర్తుందా? శక్తి అందాలంటే కొంత తేడా ఉండి తీరాలి. సాఫీగా, తిన్నగా పోతున్న రోడ్డు మీద కూడా. ద్రవ కప్లింగులో లోపలికి వెళ్లిన టార్కే బయటికి వస్తుంది, వేగం మాత్రం తగ్గి వస్తుంది. నూటికి అయిదు జారితే నూటికి అయిదు శక్తి వేడిగా పోయినట్టే. బస్సుల్లో ఈ నష్టం తప్పించడానికి, బండి ఊపందుకున్నాక నూనెని పక్కనపెట్టి నేరుగా కలిపేసే లాక్-అప్ క్లచ్ పెడతారు. మూడు వేళ్ల మధ్య పట్టే భాగంలో దానికి చోటేది? పొడి స్లిప్పర్ అయితే హద్దు లోపల ఉన్నంతవరకు పూర్తిగా అంటుకునే ఉంటుంది, పైసా నష్టం లేదు. అయిదు నిమిషాల పందెంలో, అరసెకను తేడాతో గెలుపోటములు తేలే చోట, ఈ నష్టానికి ఎవరూ ఒప్పుకోరు. పైగా ద్రవం నిండిన డబ్బా బరువు, అదీ తిరిగే బరువు. సీలు అరిగితే కారుడు. బస్సుకున్నట్టు కూలర్ లేదు కాబట్టి, పుట్టిన వేడి ఆ చారెడు ద్రవంలోనే తిరుగుతుంటుంది.

ఆపైన ఎలక్ట్రానిక్స్ వచ్చి మిగతా సగం పని తీసుకుపోయాయి. సెన్సరున్న బ్రష్‌లెస్ మోటారు, ప్రోగ్రాం చేసుకోగల స్పీడ్ కంట్రోల్ ఉంటే, బయలుదేరేటప్పుడు ఎంత ఊపు ఇవ్వాలో ఇంట్లో కూర్చుని అంకెల్లో పెట్టుకోవచ్చు. కార్పెట్ ట్రాకుల మీద కొందరు స్లిప్పర్‌ని పూర్తిగా తీసేసి స్పర్‌ని నేరుగా బిగించేస్తున్నారు కూడా. వాళ్ల ట్రాకుకి అది సరిపోవచ్చు. మన నేలకి మాత్రం నేను ఒప్పుకోను. స్పీడ్ కంట్రోల్ మోటారుకి వెళ్లే కరెంటుని అదుపు చేయగలదు గానీ, తిరుగుతున్న రోటరులో అప్పటికే ఉన్న ఊపుని టైరు నేల తాకిన ఆ వెయ్యో వంతు సెకనులో మాయం చేయలేదు. పళ్లు విరగ్గొట్టేది కరెంటు కాదు, ఆ ఊపు. దాన్ని ఆపడానికి జారే భాగం ఒకటి ఉండాల్సిందే.

మన నేల అన్నాను. బెంగళూరు చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో ఉండేది ఎర్రమట్టి. ఎండాకాలం పైన పిండిలాంటి దుమ్ము, కింద సిమెంటులా గట్టిపడిన పొర. బయలుదేరేటప్పుడు టైరు దుమ్ము మీద దానంతటదే తిరిగిపోతుంది, స్లిప్పర్ జారే అవసరమే రాదు. అదే బండి దూకి గట్టి పొర మీద దిగితే టైరు గట్టిగా పట్టేస్తుంది. వాన పడి రెండు రోజులు ఆరాక మట్టి జిగురుగా మారి, బయలుదేరేటప్పుడే పట్టు విపరీతంగా ఉంటుంది. ఒకే స్థలం, మూడు రకాల పట్టు. బిగించడం మొదలుపెట్టేముందు నట్టు దాటి ఇరుసు మీద మర ఎంత బయటికి కనిపిస్తోందో కొలిచి రాసిపెట్టుకోవాలి. అక్కడినుంచి ఎనిమిదో వంతు తిప్పు చొప్పున మార్చుకుంటూ పోవాలి. ప్రతి బ్యాటరీ అయ్యాక స్పర్ మధ్యభాగాన్ని వేలితో తాకి చూడాలి. వేలు ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే ఎనిమిదో వంతు బిగించాలి. నున్నబడిన ప్యాడ్‌ని సన్న గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దితే ఇంకొన్నాళ్లు పనిచేస్తుంది. బిళ్లల మీద వేలి జిడ్డు కూడా ఉండకూడదు, స్పిరిట్‌తో తుడిచి మరీ పెట్టాలి.

ద్రవం ఈ బగ్గీల్లోంచి పూర్తిగా పోలేదు సుమా. స్లిప్పర్ నుంచి పోయి డిఫరెన్షియల్‌లో నిలబడింది. ఇప్పటి కార్లలో చాలావాటికి బాల్ డిఫరెన్షియల్ బదులు గేరు డిఫరెన్షియల్ వస్తోంది, దాన్ని సిలికాన్ ఆయిల్‌తో నింపుతారు. సీసాల మీద జిగట అంకెల్లో ఉంటుంది, వేలనుంచి లక్షల దాకా. చిక్కటిది పోస్తే రెండు చక్రాలు ఎక్కువగా కలిసి తిరుగుతాయి, పల్చటిది పోస్తే మలుపులో తేలిగ్గా విడిపోతాయి. అక్కడ తేడా చిన్నది, ఎప్పుడో మలుపులోనే వస్తుంది, కాబట్టి నష్టమూ చిన్నదే. ద్రవానికి తగిన చోటు అదేనని అనుభవం తేల్చింది.

అయినా స్లిప్పర్‌లో ద్రవం సంగతి ముగిసిపోయిందని నేననుకోను. మడివాళ, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఆదివారం ఎస్‌పీ రోడ్డుకి పోయి మోటార్లు, బేరింగులు ఏరుకొచ్చేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లకోసం ఒక లెక్క చెప్పి ముగిస్తాను. కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి.

30 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న ఒక పల్చటి బిళ్ల. దానికి రెండువైపులా 0.3 మిల్లీమీటర్ల సందు. ఆ సందులో 10 వేల సెంటీస్టోకుల జిగట ఉన్న సిలికాన్ ఆయిల్. బిళ్లకీ డబ్బాకీ మధ్య వేగం తేడా సెకనుకి 100 రేడియన్లు, అంటే నిమిషానికి ఇంచుమించు 950 చుట్లు. పాఠ్యపుస్తకంలో ఉండే సమాంతర బిళ్లల సూత్రం వేస్తే రెండువైపులా కలిపి దాదాపు అర న్యూటన్ మీటరు టార్కు వస్తుంది. స్పర్ గేరు దగ్గర ఒక మోస్తరు పందెపు మోటారు గట్టిగా లాగినప్పుడు కావాల్సింది కూడా ఇంచుమించు అంతే. అంటే కొలత కుదురుతుంది. కానీ స్పర్ తిరిగేది నిమిషానికి 6,700 చుట్ల దగ్గర కాబట్టి, 950 తేడా అంటే నూటికి 14 నష్టం, వేడిలో చెప్పాలంటే 50 వాట్లు. ఆరు రెట్లు చిక్కటి ఆయిల్ పోస్తే నష్టం నూటికి రెండు మూడుకి దిగాలి. దిగుతుందా? లెక్క ప్రకారం దిగాలి. అయితే చిక్కటి సిలికాన్‌ని సన్న సందులో వేగంగా సాగదీస్తే దాని జిగట తగ్గిపోతుంది, సీసా మీద అంకె అక్కడ పనిచేయదు. ఎంత తగ్గుతుందో పుస్తకం చూసి చెప్పేకన్నా బిళ్ల కోయించి, సందు కొలిచి, ద్రవం నింపి చూడటం మేలు. ఆ డబ్బాకి వెనక ఒక పొడి స్లిప్పర్‌ని కూడా వరసలో పెట్టండి: రోజువారీ మెత్తదనం ద్రవం చూసుకుంటుంది, దూకి దిగినప్పుడు వచ్చే పెద్ద దెబ్బ ప్యాడ్లు చూసుకుంటాయి. ముందు బల్ల మీద బిగించి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో డబ్బా వేడి చూస్తూ, నిమిషానికోసారి రాసుకుంటూ పోండి. 80 డిగ్రీలు దాటితే మోటారు ఆపి, సందు మార్చి, మళ్లీ మొదలుపెట్టండి.